ప్రవరుని పసరు, స్కీ పలక

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసంలో గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే. తెల్లవారుజామున దారి కనపడకుండా కమ్ముకొనే పొగవంటిదీ మంచే. హిమాలయ శిఖరాలపై పేరుకొన్న తెల్లని రాశీ మంచే. హిమము, తుహినము, తుషారము అనే మాటలను సంస్కృతంనుండి కావ్యాలకై తెచ్చుకొన్నాము గాని, వాటికి మన ఇంటిమాటలో చోటు దొరకలేదు. ఆకాశంనుండి రాలి మోకాలిలోతున పడే మంచుతో మనకు పని లేకపోవడమే అందుకు కారణం. చింతపల్లి దగ్గర లంబసింగిలో చలి గడ్డకట్టే స్థాయికి దిగినదంటే పత్రికలలో వార్తగా చదువుకొనే జాతి మనది. అటువంటి జాతిలో పుట్టి, హైదరాబాదు పడమటి కొసన మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల కార్యాలయాలలో పనిచేసే యువతీయువకులు నేడు సంక్రాంతి సెలవులలో కాళ్లకు పలకలు బిగించుకొని మంచువాలుపై జారడానికి కాశ్మీరు బయలుదేరుతున్నారు. ఈ విహారం మనకు కొత్త. దాని చరిత్ర మాత్రం చాలా పాతది. ఆ చరిత్ర తెలిసినవారికి ప్రయాణపు ఏర్పాటు సులభమవుతుంది.

మన కావ్యలోకంలో హిమాలయానికి విహారయాత్ర వెళ్లినవాడెవరని అడిగితే, ప్రవరుని పేరు చెప్పని తెలుగువాడుండడు. 16వ శతాబ్దిలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రములో అతని కథ ఉన్నది. దేశదేశాల వింతలు వినడమంటే ప్రవరునికి ప్రీతి. అతిథిగా వచ్చిన ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు పాదాలకు పూసుకొని, క్షణంలో హిమవత్పర్వతం చేరాడు. చూడవలసినవన్నీ చూశాడు. మధ్యాహ్నమై ఇంటికి మరలబోయేసరికి, పాదాలకు పూసిన పసరు మంచునీటికి కరిగిపోయి ఉన్నది. తరువాతి కథ, వరూధిని ప్రసంగమూ, అగ్నిదేవుని సాయమూ శ్రోతలందరికీ తెలిసినవే.

ఈ కథను నిష్ఠకూ ప్రలోభానికీ నడుమ జరిగిన పరీక్షగా పండితులు వ్యాఖ్యానించారు. బాటసారి కంటితో చూస్తే ఇందులో మరొక నీతి కూడా కనిపిస్తుంది. ప్రవరునికి వెళ్లే ఉపాయం దొరికినది. ఏమి చూడాలో తెలుసు. కాలికి పెట్టుకొన్నది మంచులో ఎట్లా నిలుస్తుందని మాత్రం అతడు సిద్ధుని అడగలేదు. తిరిగివచ్చే మార్గం ఆలోచించలేదు. స్కీ క్రీడ చరిత్రను పరిశీలిస్తే, ఆ అడగని ప్రశ్నకు మానవుడు తరతరాలుగా వెదకుకొన్న సమాధానమా అనిపిస్తుంది.

స్కీ అన్న మాట ప్రాచీన నార్వే భాషలోనిది. చీల్చిన కట్టె అని దాని అర్థం. రష్యా ఉత్తరభాగంలో సిందోర్ సరస్సు సమీపాన సుమారు 8,000 ఏండ్లనాటి స్కీ తునకలు దొరికినవి. అంటే, వ్యవసాయం ఎరుగని వేటగాళ్ల కాలంనుండీ ఈ సాధనం ఉన్నది. ఆనాడు అది ఆట కాదు. మంచులో కూరుకుపోకుండా నడవడానికీ, వేటజంతువును తరమడానికీ పనికివచ్చిన పనిముట్టు. కాలి వేళ్లను ఒక తోలుపట్టెలో దూర్చి నడిచేవారు. మడమకు పట్టు లేదు. చదునునేలపై ఇది చాలును గాని, వాలుపై మలుపు తిరగాలంటే పలక ఒక దారి, పాదం ఒక దారి అయ్యేవి.

నార్వేలో టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రె నూర్‌హైమ్ అనే పేద కౌలుదారు ఈ లోపాన్ని సరిదిద్దాడు. మెలిపెట్టిన సన్నని చెట్టుకొమ్మలతో మడమ చుట్టూ కట్టు కట్టి, పాదాన్ని పలకకు బిగించాడు. దానితో వాలుపై మలుపు తిరగడం, దూకడం, కోరినచోట ఆగడం సాధ్యమైనవి. 1868లో, నేడు ఓస్లో అని పిలిచే క్రిస్టియానియా నగరంలో జరిగిన పోటీలో, నలుబది దాటిన వయస్సులో అతడు యువకులను ఓడించాడు. ప్రవరుని పసరు చేయలేని పనిని నూర్‌హైమ్ కొమ్మ చేసినది.

ఆ పనిముట్టు విహారంగా మారడంలో మన దక్షిణదేశానికి ఒక చిత్రమైన సంబంధం ఉన్నది. సర్ హెన్రీ లన్ అనే ఆంగ్లేయుడు కొంతకాలం మదరాసు రాష్ట్రంలో మతప్రచారకుడుగా పనిచేసి, స్వదేశం వెళ్లి, ఆల్ప్స్ పర్వతాలకు శీతకాల యాత్రలు ఏర్పాటుచేసే వ్యాపారం ప్రారంభించాడు. అతని కుమారుడు ఆర్నాల్డ్ లన్ 1888లో మదరాసులోనే జన్మించాడు. ఆనాటి మదరాసు తెలుగు జిల్లాలకు కూడా రాజధాని. సముద్రపు ఉప్పుగాలిలో కన్ను తెరచిన ఈ బిడ్డయే పెరిగి పెద్దవాడై, 1922 జనవరిలో స్విట్జర్లాండులోని మ్యూరెన్‌లో, నాటిన కర్రల నడుమ మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్ పోటీకి నేటి రూపం ఇచ్చాడు. అతడు పుట్టడానికి నలుబది ఆరేండ్ల ముందే, 1842లో, అమెరికానుండి ఓడలలో వచ్చిన మంచుగడ్డలను దాచడానికి ఆ పట్నపు సముద్రతీరాన ఐస్ హౌస్ అనే గుండ్రని కట్టడం వెలసినది. మంచు దిగుమతి సరకుగా వచ్చిన ఊరినుండి మంచు క్రీడకు శాసనకర్త బయలుదేరడం చరిత్రలోని చమత్కారాలలో ఒకటి.

ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్ ప్రాంతంలో హాన్నెస్ ష్నైడర్ అనే గురువు, నేర్చుకొనేవారిని శక్తినిబట్టి తరగతులుగా విభజించి, క్రమంగా బోధించే పద్ధతిని నెలకొల్పాడు. మొదట ఆగడం, తరువాత తిరగడం, ఆపైన వేగం. ఇదే నేటికీ ప్రపంచమంతటా స్కీ పాఠశాలల వరుస. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో జేమ్స్ కరన్ అనే ఇంజనీరు కుర్చీల తీగమార్గాన్ని నిర్మించాడు. అంతకుముందు అతడు ఓడలలోకి అరటిగెలలు ఎక్కించే యంత్రాలపై పనిచేసినవాడు. గెల వేలాడే కొక్కెం స్థానంలో కుర్చీ వేలాడదీస్తే మనిషిని కొండ ఎక్కించవచ్చునని అతనికి తోచినది. దానితో గంట ఎక్కి నిమిషం జారే కష్టం పోయి, సామాన్యుడు కూడా ఒక రోజులో పదిసార్లు వాలు దిగగలిగాడు.

వేగం పెరిగేకొద్దీ కాళ్లు విరగడమూ పెరిగినది. నూర్‌హైమ్ బిగించిన కట్టు ఎంత గట్టిదైతే పడినప్పుడు ఎముకకు అంత ముప్పు. హ్యాల్మర్ వామ్ అనే నార్వే దేశస్థుడు అమెరికాలో 1937లో కాలు విరిగి ఆసుపత్రిపాలై, పడినప్పుడు తనంతట తానే ఊడిపోయే కట్టును ఆలోచించాడు. నేటి స్కీ కట్టుకు ఈ రెండు గుణాలూ ఉన్నవి: నిలిచినంతసేపు పట్టుకొనడం, పడినప్పుడు విడిచిపెట్టడం. మనిషి బరువు, ఎత్తు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు తెలుసుకొని, ఎంత ఒత్తిడికి ఊడాలో మరచుట్టుతో సరిచేస్తారు. అద్దెకిచ్చే దుకాణంలో మొగమాటానికి పోయి బరువు తక్కువ చెప్పినా, అనుభవం ఎక్కువ చెప్పినా, ఆ అబద్ధం మోకాలు మోయవలసి వస్తుంది.

భారతదేశంలో ఈ క్రీడకు తొలి స్థానం గుల్మార్గ్. 16వ శతాబ్దిలో కాశ్మీరు సుల్తాను యూసుఫ్ షా చక్ ఆ పచ్చికబయలుకు పూలమైదానమనే అర్థంలో ఈ పేరు పెట్టాడని చెబుతారు. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. వారు వెళ్లిపోయిన తరువాత ఈ విద్యను నిలిపినది మన సైన్యం. 1948 డిసెంబరులో జనరల్ తిమ్మయ్య ప్రోత్సాహంతో అక్కడ సైనికులకు స్కీ పాఠశాల ఏర్పడినది. 1968లో పౌరులకు కూడా నేర్పడానికి ప్రభుత్వ శిక్షణసంస్థ నెలకొన్నది. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతకాల ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం పక్షాన తొలిసారిగా స్కీ పోటీలో నిలిచాడు. గుల్మార్గ్ వాలులపై పెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశంనుండి వెళ్లిన ఏకైక క్రీడాకారుడై, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం పొందాడు.

గుల్మార్గ్‌లో తీగమార్గపు మొదటి భాగం 1998లో నడక ప్రారంభించినది. అదే సంవత్సరం నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఈ రెండింటికీ ఆనాడు సంబంధమేమీ లేదు. ఒకటి మంచుకొండపై ఇనుపతీగ, మరొకటి బండరాళ్ల నడుమ గాజుమేడ. రెండు దశాబ్దాలలో ఆ గాజుమేడల్లో కొలువు చేసినవారికి విదేశీ మిత్రుల శీతకాల కబుర్లు చెవిన పడినవి. సెలవులు, జీతాలు, విమానాలు అందుబాటులోనికి వచ్చినవి. 2004లో ఇందిరా పార్కు సమీపాన స్నో వరల్డ్ తెరచినప్పుడు, నగరపు పిల్లలు అద్దెకోట్లు తొడుక్కొని కృత్రిమమైన మంచును చేతితో తాకారు. తాకినవారిలో కొందరు ఇప్పుడు దానిపై నిలబడాలని కోరుకొంటున్నారు.

కోరిక మంచిదే. దానికి తగిన సన్నాహం కావాలి. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నంనుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు, సుమారు నూరుమంది పరివారాన్నీ, డేరాలనూ వెంటబెట్టుకొన్నాడు. హైదరాబాదు మీదుగా వెళ్లి, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో క్షేమంగా ఇల్లు చేరాడు. దారిలో ఏ మజిలీలో ఏమి దొరకునో, ఏది దొరకదో రాసిపెట్టాడు. అంతటి పరివారం మనకు అవసరం లేదు గాని, ఆ ముందుచూపు అవసరం.

మొదటి సన్నాహం దేహానికి. దినమంతా కుర్చీలో కూర్చుండేవారికి తొడలు, పిక్కలు బలహీనపడతవి. స్కీపై మనిషి గంటలకొద్దీ మోకాళ్లు వంచి నిలవాలి. ఇందుకు విలువైన యంత్రాలు అక్కరలేదు. మన బడిపంతుళ్లు శిక్షగా వేయించిన గోడకుర్చీ, గుంజీలు ఇక్కడ సాటిలేని సాధనలు. బయలుదేరడానికి ఆరు వారాల ముందునుండి దినం విడిచి దినం గోడకుర్చీ వేసి, కార్యాలయంలో లిఫ్టు మానుకొని మెట్లు ఎక్కి దిగితే, ఆదివారాలు గోలకొండ బాలాహిసారు వరకు నడిస్తే, సగం పాఠం నేర్చినట్లే. దిగడాన్ని నిర్లక్ష్యం చేయరాదు. స్కీ క్రీడలో తొడకు పని పడేది దిగేటప్పుడే.

రెండవది దుస్తులు. మన వాడుక నూలుబట్ట ఇక్కడ శత్రువు. నూలు చెమటను పీల్చి తడిగా నిలిచిపోతుంది. ఆ తడి చల్లబడి ఒంటి వేడిని లాగివేస్తుంది. శరీరాన్ని అంటి పలుచని ఉన్ని లేక చెమటను నిలువనీయని కృత్రిమవస్త్రం, దానిపై వెచ్చదనానికి ఒకటి, అన్నింటికీ పైన గాలినీ నీటినీ ఆపేది ఒకటి, ఇట్లు మూడు పొరలు కావాలి. ఒకే మందపు కోటు కంటె ఇవి మేలు. ఎండ వచ్చినప్పుడు ఒక పొర తీయవచ్చును. మేజోళ్లు మాత్రం రెండు జతలు వేయరాదు. ముడతలు పడి పాదాన్ని కొరుకుతవి, రక్తప్రసరణకు అడ్డుపడి కాలిని మరింత చల్లబరుస్తవి. పొడుగాటి ఉన్ని మేజోళ్లు ఒక్క జత చాలును.

కాంతి సంగతి మనవారు సాధారణంగా మరచేది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. కొత్తమంచు ఆ కిరణాలలో 80 శాతం వరకు తిరిగి పైకి కొడుతుంది. మే నెల ఎండలో తిరిగిన హైదరాబాదువాని చర్మం కూడా జనవరి గుల్మార్గ్‌లో కమిలిపోవడానికి ఇదే కారణం. నల్లని కళ్లద్దాలు, ముఖానికి లేపనం, తలకు శిరస్త్రాణం తప్పనిసరి.

శ్రీనగరంనుండి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మార్గ్ అనే ఊరినుండి ఎక్కుడు మొదలవుతుంది. మంచు పడిన దినాలలో అక్కడ బండిచక్రాలకు గొలుసులు కట్టి గాని పైకి పోనీయరు. మన సంక్రాంతి, కాశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే నలుబది దినాల గడ్డుచలి నడుమ వస్తుంది. డిసెంబరు 21నుండి జనవరి 30 వరకు సాగే ఈ కాలంలో అక్కడివారు ఫిరన్ అనే వదులైన నిలువుటంగీ తొడిగి, దాని లోపల కాంగ్డీ అనే నిప్పుకుంపటి పట్టుకొని తిరుగుతారు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. గుల్మార్గ్ 2,650 మీటర్లు. తీగమార్గపు రెండవ భాగం, 2005లో తెరచినది, అఫర్వట్ పర్వతంపై 3,900 మీటర్లు దాటి తీసుకొనిపోతుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు లోపే. దిగిన దినమే అక్కడికి పరుగెత్తక, ఒక దినం విశ్రాంతి తీసుకొని, నీరు ఎక్కువ త్రాగి, తలనొప్పి వస్తే పైకి పోవడం మానుకొనడం వివేకం.

మొదటి పాఠం మైదానంలోని చిన్న వాలుపైనే జరగాలి. బూటు సరిపోయినదో లేదో ముందుగా చూడాలి: నిటారుగా నిలిచినప్పుడు వేలు కొసను తాకాలి, మోకాలు వంచినప్పుడు వెనుకకు రావాలి, మడమ మాత్రం కదలరాదు. గురువు మొదట నేర్పేది పడడం. ప్రక్కకు, తుంటిపై, మెత్తగా పడాలి, చేయి ఆనించరాదు. లేచేటప్పుడు పలకలను వాలుకు అడ్డంగా పెట్టుకోవాలి. తరువాత ఆగడం: పలకల ముందుకొసలు దగ్గరకు, వెనుకకొసలు దూరంగా, పూరింటి కప్పు వాలినట్లు పెట్టి, మడమలతో బయటికి నెట్టితే వేగం తగ్గుతుంది. భయపడినవాడు వెనుకకు వాలుతాడు. అప్పుడు పలకలు వాని మాట వినవు. ముందుకు, వాలువైపునకే వంగినవానికి అవి లొంగుతవి. మన చిన్ననాటి జారుబండకూ దీనికీ భేదం ఇదే. జారుబండపై జారడం ఒక్కటే పని, ఆపేది నేల. ఇక్కడ జార్చేది కొండ, ఆపవలసినది మనిషి.

1967లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య పది నడవడి నియమాలను విధించినది. వాటిలో ముఖ్యమైనది, ముందుపోయేవానికి హక్కు, వెనుకవచ్చేవానికి బాధ్యత అన్నది. వెనుకనుండి వచ్చేవాడే దారి చూసుకొని తప్పుకోవాలి. సాయంకాలం గచ్చిబౌలి కూడలిలో బండి నడిపినవారికి ఈ నియమం వింతగా తోచవచ్చు. మంచువాలుపై హారన్ లేదు.

గుర్తించిన దారి విడిచి పోరాదన్నది మరొక నియమం. 2023 ఫిబ్రవరిలో అఫర్వట్ వాలుపై మంచుచరియ విరిగి పోలండ్ దేశపు స్కీయర్లు ఇద్దరు మరణించారు. 2024 ఫిబ్రవరిలో మరొక చరియ ఒక రష్యన్‌ను బలిగొన్నది. వీరు మనవలె కొత్తగా వచ్చినవారు కాదు. కొత్తగా మంచు పడిన మరునాడు కొండ ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదకరంగా ఉంటుంది. అక్కడి గస్తీవారు మూసిన దారిని తెరవమని బతిమాలడం, ఛాయాచిత్రం కోసం తాడు దాటడం ప్రాణంతో పందెం వేయడమే. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర 26 మందిని పొట్టనబెట్టుకొన్న దాడి తరువాత, కాశ్మీరు ప్రయాణికుడు ప్రభుత్వ సూచనలను కూడా చూసుకొని బయలుదేరడం ధర్మం. బీమాపత్రంలో స్కీ ప్రమాదాలకు మినహాయింపు ఉన్నదేమో చదువుకోవాలి.

మంచుయాత్రపై మనకు నమ్మకం కలిగించే తెలుగువారూ ఉన్నారు. నిజామాబాదు జిల్లా గిరిజనబాలిక మాలావత్ పూర్ణ భువనగిరి బండపై ఎక్కడం నేర్చి, డార్జిలింగులో శిక్షణ పొంది, 2014 మే 25న, 13 ఏండ్ల వయస్సులో ఎవరెస్టు శిఖరం చేరినది. ఉష్ణదేశంలో పుట్టడం అడ్డంకి కాదని ఆమె చూపినది. నేర్చుకొనకుండా వెళ్లడమే అడ్డంకి. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 దినాలలో ఎక్కాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణం విడిచాడు. కొండ ఎవరి బిరుదులనూ లెక్కచేయదు.

ఇప్పుడు మంచే అరుదవుతున్నది. మధ్యధరా సముద్రపు దిక్కునుండి తేమ తెచ్చే శీతకాలపు గాలులు బలహీనమైన ఏడు గుల్మార్గ్ ఎండిపోతుంది. 2024 జనవరిలో మైదానం గోధుమవన్నె గడ్డితో బోసిగా కనిపించినది. ఆ ఏడూ, 2025లోనూ మంచు చాలక ఖేలో ఇండియా శీతకాల క్రీడలను అక్కడ వాయిదా వేయవలసివచ్చినది. గఢ్వాలులో ఔలీకి తీసుకుపోయే జోషీమఠ్ పట్టణం 2023 జనవరిలో నేల కుంగి బీటలు వారినది; అక్కడి తీగమార్గాన్ని నిలిపివేశారు. కాబట్టి టిక్కెట్టు కొనేముందు వాతావరణ సమాచారం చూడాలి. చేరిన తరువాత మంచు లేకపోతే స్లెడ్జి లాగే కూలివానిపైనా, గురువుపైనా కోపగించరాదు. మంచు పడని ఏడు మనకు పోయేది ఒక సెలవు. వారికి పోయేది సంవత్సరపు కూడు.

మాదాపూరు బండరాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏండ్లే అయినది. అంత పాతరాతిపై స్థిరంగా నిలిచిన పాదాలు, ఇంకా కదులుతూ పెరుగుతున్న కొండపై కాలు మోపబోతున్నవి. అద్దె దుకాణంలో ఒక పావుగంట ఎక్కువ గడిపి, కట్టు ఎప్పుడు పట్టునో, ఎప్పుడు విడుచునో రెండుసార్లు అడిగి తెలుసుకొండి. మొదటి దినం వాలు ఎక్కక, ఆగడం నేర్చుకొండి. ప్రవరుని ఇంటికి చేర్చడానికి అగ్నిదేవుడు వచ్చాడు. మనకు ఆ భాగ్యం లేదు. మన కాళ్లతో మనమే దిగి రావాలి.